శివారు ఫోనుకి వంతు ఎప్పుడు?

దాళ్వాలో గోదావరి నీళ్ళు తగ్గితే కాలువలకి వంతులవారీగా వదులుతారు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో వస్తుంది. శివారు రైతుకి ఆ అంకెతో పనిలేదు, తన పంటబోదెలోకి నీరొచ్చిందా లేదా అన్నదే లెక్క. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, శివారు గొడవ మాత్రం ఇంకా తెగలేదు.

సెల్ టవర్ దగ్గరా ఇదే పేచీ. ఎల్‌టీఈలో 20 మెగాహెర్ట్జ్ అంటే 180 కిలోహెర్ట్జ్ చొప్పున 100 రిసోర్స్ బ్లాకులు. వీటినీ, ఉన్న పవర్‌నీ షెడ్యూలర్ మిల్లీసెకనుకోసారి పంచుతుంది. మొత్తం స్పీడే గురి అయితే టవర్ పక్కవాడికి పెట్టడమే లాభం. ఎక్కడో లంకలో కొబ్బరితోటలో ఉన్నవాడికి మిగిలితే ఇస్తారు.

హైబ్రిడ్ ఏఆర్‌క్యూ వచ్చి ఈ లెక్కని మార్చింది. తప్పుగా అందిన ప్యాకెట్‌ని ఫోను పారెయ్యదు. దాచుకుని, రెండోసారి వచ్చినదానితో కలిపి చదువుతుంది. అదే పవర్‌తో రెండుసార్లు పంపితే కలిపాక ఎస్ఎన్ఆర్ రెట్టింపు, అంటే 3 డీబీ లాభం. ఎల్‌టీఈలో మొదటి ప్రయత్నంలో సుమారు 10 శాతం పోయినా ఫర్వాలేదనుకునే రేటు ఎంచుకుంటారు. ఒక్కటీ పోకూడదని పవర్ గుమ్మరించడం కన్నా పోయినవి మళ్ళీ పంపడమే చవక. (మన సప్లీలో పాత మార్కులు కలపరు, అదే బాధ.)

కానీ మళ్ళీ పంపడం ఊరికే రాదు. దానికీ బ్లాకులు కావాలి, పవర్ కావాలి, ఎఫ్‌డీడీలో ప్రతిసారీ కనీసం 8 మిల్లీసెకన్లు ఆగాలి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న అంచువాడికే ఈ ఖర్చు బరువు. మన ప్రాజెక్టు రిపోర్టులు చూస్తే షానన్ ఫార్ములా పెట్టేసి, అన్నీ మొదటిసారే అందినట్టు మొత్తం థ్రూపుట్ గ్రాఫ్ ఒకటి గీసేస్తాం. నాకది ధవళేశ్వరం క్యూసెక్కుల్లాగే కనిపిస్తుంది. రీట్రాన్స్‌మిషన్ ఖర్చు కలిపి, అట్టడుగు 5 శాతం యూజర్ల స్పీడు కూడా పక్కనే గియ్యాలి. 3జీపీపీ సెల్ అంచుని కొలిచేది దాంతోనే.

అంచువాడి కోసం మొత్తం స్పీడు తగ్గించుకోవాలా అంటారు. తగ్గుతుంది, నిజమే. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు సెన్సర్ పంపే కబురు కొన్ని బైట్లే, అది అందకపోతే మాత్రం పోయేది చెరువు. ఎన్‌బీ-ఐఓటీ అప్‌లింక్‌లో ఒకే కబురుని 128 సార్ల దాకా రిపీట్ చెయ్యొచ్చని స్టాండర్డే చెబుతోంది.

ఈసారి మ్యాట్‌లాబ్‌లో యూజర్లని చల్లేటప్పుడు ఒకణ్ణి ఆ చెరువు గట్టు మీద నిలబెట్టి రన్ చెయ్యండి.