అష్టమి పోటు

సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవారికి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అమావాస్యకూ పున్నమికీ పోటు జోరుగా వుంటుంది. అష్టమి రోజుల్లో నీళ్లు ఎక్కీ ఎక్కనట్లు ఎక్కి, దిగీ దిగనట్లు దిగుతాయి. ఇంత చిన్న సంగతి ఒక యుద్ధంలో కొన్ని వందల ప్రాణాలు తీసిందంటే నమ్ముతారా?

పసిఫిక్ మహాసముద్రంలో తరావా అని ఒక పగడపు దీవుల వలయం వుంది. అందులో బేసియో చిన్న లంక. పొడవు రెండు మైళ్ల పైచిలుకు. వెడల్పు ఎక్కడా అర మైలు లేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాను వారు అక్కడ విమానాలు దిగే మైదానం చేసుకొని, కొబ్బరి దుంగలతో, కాంక్రీటుతో లంకనంతా కోటగా మార్చారు. 1943 నవంబరు 20న అమెరికా సైన్యం దాని మీదికి దిగింది.

లంకను చుట్టి నీటి అడుగున పగడపు గట్టు వుంది. సైనికుల పడవలు దాన్ని దాటాలంటే మూడున్నర, నాలుగడుగుల నీళ్లుండాలి. ఆ దీవుల్లో పదిహేనేళ్లు మసలిన ఫ్రాంక్ హాలండ్ అనే మేజరు, ఆ రోజు మూడడుగులు కూడా వుండవని ముందే హెచ్చరించాడు. ఐదడుగులుంటాయని చెప్పినవారూ వున్నారు. ముహూర్తం మాత్రం మారలేదు. సేనాధిపతులు బొత్తిగా పెడచెవిని పెట్టారని అనను. నీటిలోనూ నేలమీదా నడిచే బండ్లను నూరు పైచిలుకు వెంట తెచ్చుకున్నారు. కాని అవి మొదటి మూడు వరుసలకే సరిపోయాయి.

వెనుక వచ్చిన పడవలు గట్టు దగ్గరే ఆగిపోయాయి. అందులోని కుర్రవాళ్లు తుపాకులు తలపైకెత్తి పట్టుకొని, మొలలోతు, రొమ్ములోతు నీళ్లలో ఐదారువందల గజాలు నడిచారు. ఎదుట మరతుపాకులు. పరుగెత్తడానికి నీళ్లు అడ్డం, దాక్కోవడానికి చాటు లేదు. లంక చేజిక్కడానికి 76 గంటలు పట్టింది. అమెరికావారు సుమారు వెయ్యిమంది చనిపోయారు. లంకలోని నాలుగువేల పైచిలుకు మందిలో ప్రాణాలతో చిక్కినవారు 146 మంది. వారిలో 129 మంది జపాను సైనికులు కారు, పనికోసం తెచ్చిన కొరియా కూలీలు. ఆ కూలీల మాట ఎవరికీ పట్టదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

మరుసటేడు నార్మండీకి వెళ్లేముందు పోటు లెక్క కోసం లివర్‌పూల్ దగ్గర ఆర్థర్ డూడ్సన్ అనే పండితుణ్ణి ఆశ్రయించారు. రేవు పేరు చెప్పకుండా, ‘జెడ్ స్థలం’ అని మాత్రం రాసి కొలతలు పంపారు. చంద్రుడికీ సూర్యుడికీ తలా కొన్ని చక్రాలున్న యంత్రాలు రెండు ఆయన దగ్గర వుండేవి. ఒకే బాంబుకు రెండూ పోకుండా వేరువేరు చోట్ల పెట్టారు. తమాషా ఏమిటంటే, మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని అంతరాత్మ పేరు చెప్పి నిలబడ్డ మనిషి ఈ డూడ్సన్. 1944 జూన్ 6న సేనలు ఆయన లెక్క చేతబట్టుకొనే దిగాయి.

తరావా లెక్క మాత్రం 1987లో గాని తేలలేదు. డొనాల్డ్ ఓల్సన్ అనే భౌతికశాస్త్రవేత్త చంద్రుడి గతిని వెనక్కి తిప్పి చూశాడు. అవి మన కార్తిక బహుళ అష్టమి రోజులు. పైగా చంద్రుడు భూమికి మిక్కిలి దూరాన వున్నాడు. ఈ రెండూ కలిసి పోటు నీరసించిన రోజులు 1943 మొత్తం మీద రెండే. ఒకటి ఏప్రిల్‌లో. రెండోది నవంబరు 20.