అవ్వ పాటకు ఏ పెట్టె కావాలి?



పోయిన ఆదివారం మీటింగులో రికార్డింగు సామాను గురించి మాటా మాటా పెరిగింది. అక్కడ మేము ఎక్కువ మాట్లాడలేదు. ఇక్కడ నిదానంగా రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వే ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాము. తప్పులుంటే సర్దుకోండి.

పిల్లలు ఛానల్ స్ట్రిప్ కొందామంటున్నారు. తెలియని పెద్దల కోసం చెబుతాము. మైకు నుంచి వచ్చే కరెంటు మిల్లీవోల్టుల లెక్క, చాలా చిన్నది. దాన్ని పెంచేది ప్రీయాంప్. దానికి తోడు గొంతు హెచ్చుతగ్గులు సమం చేసే కంప్రెసర్, స-షలు చెవిలో గుచ్చకుండా చూసే డీ-ఎస్సర్, పాట లేనప్పుడు చప్పుడు తగ్గించే గేట్ ఒకే పెట్టెలో ఉంటే అది ఛానల్ స్ట్రిప్. డీబీఎక్స్ 286ఎస్ అలాంటిదే. మంచి పెట్టే, కానీ ఒక్క మైకుకే. యూఎస్‌బీ కూడా లేదు, కంప్యూటర్‌కు తగిలించాలంటే ఇంటర్‌ఫేస్ వేరే కొనాలి.

మా అభిప్రాయం ఒకటే. ఇప్పుడు మనకు అది వద్దు.

మనం రికార్డు చేసేది స్టూడియోలో కాదు, చాల్ ఖోలీలో. బయట నల్లా దగ్గర బిందెలు, పక్కింట్లో కుక్కర్ విజిల్, నెత్తి మీద ఫ్యాను. కంప్రెసర్ పెద్ద గొంతును అణచి మొత్తాన్ని పైకి లేపితే ఫ్యాను చప్పుడూ లేస్తుంది. గేట్ పెడితే ఇంకో కష్టం. ఎనభై దాటిన అవ్వ చరణం చివర గొంతు సన్నగా దించుతుంది కదా, దాన్నీ చప్పుడనుకొని కోసేస్తుంది. పాట ప్రాణం అక్కడే ఉంది. రికార్డయ్యేటప్పుడు కోసింది మళ్ళీ రాదు. గుమాస్తా పనిలో మేము నేర్చుకున్నది ఇదే: ముందు రఫ్ కాగితం మీద లెక్క, తర్వాతే రిజిస్టర్లో ఇంకు.

రెండు మైకులు పట్టే మామూలు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, బెహ్రింజర్ యూఎంసీ202హెచ్‌డీ లాంటివి. ప్రీయాంప్ వాటిలోనే ఉంటుంది. ఒక మైకు అవ్వకు, ఒకటి హార్మోనియంకు. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు నోటికి దగ్గరగా పెడితే బయటి గోల తక్కువ పడుతుంది. 48 వోల్టులు అడిగే కండెన్సర్ మైకు మన ఖోలీలో గది మొత్తం వింటుంది. గట్టిగా పాడినప్పుడు మీటరు మైనస్ 12 దాటకుండా పెట్టుకోండి. కంప్రెసర్ లాంటివన్నీ ఆడాసిటీలో ఉచితంగా ఉన్నాయి. కాపీ మీద వాడండి, అసలు ఫైలు ముట్టుకోవద్దు.

లామింగ్టన్ రోడ్డు మనకు నడిచే దూరమే. మన మైకు, హెడ్‌ఫోను తీసుకెళ్ళండి. గెయిన్ మూడొంతులు తిప్పి, మాట్లాడకుండా వినండి. సొద ఎక్కువుంటే వదిలేయండి.

పిల్లల మాటలోనూ న్యాయముంది. భజన మండలి ప్రోగ్రాము లైవ్ పెడితే తర్వాత సరిచేసే వీలుండదు, అక్కడ స్ట్రిప్ పనికొస్తుంది. అది రెండో విడతలో చూద్దాం.

నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో చెమటోడ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు వచ్చింది. ఇప్పుడు రీడెవలప్‌మెంట్ మాట నడుస్తోంది. చాల్ పోతే ఫ్లాటు వస్తుంది. బతుకమ్మ పాట తెలిసిన అవ్వ పోతే ఎవరొస్తారు? పోయిన ఏడు మా పై అంతస్తు అవ్వ పోయింది. ఆమె పాట ఒక్కటి కూడా మన ఫోన్లలో లేదు. అప్పుడూ మనం ఏ పెట్టె కొనాలా అని వాదించుకుంటూనే ఉన్నాము.

వచ్చే ఆదివారం పొద్దున మా ఖోలీ ఖాళీగా ఉంచుతాము. ఫ్యాను ఆపుతాము, చాయ్ మాది. మీ ఇంటి అవ్వను తీసుకురండి.