దిద్దుబాటు వేరు, ప్రక్షిప్తం వేరు

మా ఓరుగల్లులో పాత వస్తువులు అమ్మేవారి నోట నేను పలుమార్లు విన్న మాట: "ఇది రుద్రమదేవి కాలపు తుపాకి." కాకతీయ రాజ్యం 1323లో అస్తమించింది. చేతి తుపాకి దక్కనుకు వచ్చింది ఆ తరువాత ఎంతో కాలానికి. ఈ అబద్ధాన్ని బడిపిల్లవాడైనా పట్టుకోగలడు. నా తగవు దీనితో కాదు, సేకర్తలే పలికే మరొక మాటతో: "ఆయుధాగారంలో మార్చిన తుపాకి చెడిపోయినది, దానికి విలువ లేదు."

ఈ వాదాన్ని నేను ఖండిస్తున్నాను.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకినే తీసుకోండి. గొట్టం 39 అంగుళాలు, లోపల మూడు మెలి చాళ్ళు. 1857 తిరుగుబాటు తరువాత సిపాయి చేతిలో గురి తప్పని ఆయుధం ఉండరాదని తెల్లదొరలు నిశ్చయించారు. చాళ్ళను తొలిచి గొట్టాన్ని నునుపు చేశారు. దూరాన్ని బట్టి సర్దుకొనే వెనుక గురిని తీసివేసి, కదలని చిన్న దిమ్మను అమర్చారు. ఇరవయ్యవ శతాబ్దంలో బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారం త్రీనాట్‌త్రీలకూ ఇదే గతి పట్టించింది. తూటాల పెట్టె చోటును కొయ్యతో పూడ్చి, ఒక్కొక్క తూటా మాత్రమే పేలేటట్లు చేసి పోలీసులకిచ్చారు. పాలకుల భయానికి ఇంతకు మించిన శాసనమేది? దానిని చెడిపోయినదనడం చరిత్రను కాదనడమే.

తాళపత్ర ప్రతిలో లేఖకుడు దిద్దిన అక్షరం వేరు, ఎవడో తరువాత చొప్పించిన పద్యం వేరు. మొదటిది ప్రతి చరిత్రలో భాగం, రెండవది ప్రక్షిప్తం. తుపాకులకూ ఇదే న్యాయం.

1856 నమూనా అశ్వికుల కార్బైన్ గొట్టం 21 అంగుళాలు. గుర్రం మీద చేయి జారినా పడిపోకుండా మందు కూరే కడ్డీ గొట్టానికే తగిలించి ఉంటుంది. దొంగ కార్బైన్ మాత్రం పొడవాటి తుపాకిని రంపంతో కోసినది. గొట్టం మూతివైపు సన్నగిల్లుతుంది గనుక, నడుమ కోసిన మూతి ఉండవలసిన దానికంటె లావుగా కనబడుతుంది. ముందు గురి అతుకు కొత్తగా ఉంటుంది. పాత పట్టీల గుర్తులు కొయ్యపై మిగిలి ఉంటాయి. ఆయుధాగారం తాను చేసిన మార్పును దాచదు, ముద్ర వేసి చెబుతుంది. సర్కారు అమ్మివేసిన వాటిపై మొనలు కలిసిన రెండు బాణాల గుర్తు కూడా కనబడుతుంది. అందుచేత మెరుపు కోసం ఆకురాయి పట్టి ముద్రలు అరగదీసేవాడు, శాసనాన్ని చెక్కివేసేవాడితో సమానుడు.

మరొక మాట. పాతదైనంత మాత్రాన చట్టం మినహాయించదు. బాగుచేసినా పేలనిదైతేనే 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయింపు. నూరేళ్ళు దాటినదానిని దేశం దాటించడాన్ని 1972 పురావస్తు చట్టం నిషేధించింది.

మిత్రులారా, కథ విని కొనకండి, ముద్రలు చదివి కొనండి. కాదనేవారుంటే వాదించండి, సిద్ధంగా ఉన్నాను.