బడి వదిలాక పిల్లలు ఎవరి బాధ్యత?

మీలో చాలామంది పగలంతా పని చేసుకుంటూ, వీలు చిక్కినప్పుడు ఈ పాఠాలు చదువుకుంటున్నారు. సెలవు రోజున కాంటాక్టు తరగతికి వచ్చేటప్పుడు మీ పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వస్తున్నారు? మామూలు రోజుల్లో సాయంత్రం బడి వదిలాక, మీరు పని నుంచి తిరిగి వచ్చేదాకా వాళ్ళు ఎక్కడ ఉంటున్నారు? అమ్మమ్మ దగ్గర అని కొందరు, పక్కింటి పిన్నిగారి దగ్గర అని కొందరు, ట్యూషన్‌లో అని ఇంకొందరు చెబుతారు. ఇంటి తాళంచెవి పిల్లల మెడలో కట్టి పంపుతున్నామని చెప్పేవారూ ఉన్నారు.

ఇది ఎవరింటి సంగతి వారిది, ఇందులో ప్రభుత్వానికి ఏం పని అనిపించవచ్చు. పని ఉందని నా అభిప్రాయం. ఎందుకో, ఎంతవరకో ఈ వ్యాసంలో చెబుతాను.

లెక్క చూద్దాం

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు అని అది చెప్పింది. ఆ చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బడి ఏడాదికి కనీసం 200 రోజులు పనిచేయాలి, 800 గంటలు బోధన జరగాలి. అంటే సగటున రోజుకు నాలుగు గంటలు. చాలా బడులు ఇంతకంటే ఎక్కువ సేపే నడుస్తాయి. అయినా తల్లిదండ్రుల పని ఎనిమిది గంటలు, దానికి తోడు రానూపోనూ ప్రయాణం. రెండింటికీ పొంతన కుదరదు. ఇక పండుగ సెలవులు, వేసవి సెలవులు పిల్లలకే గాని కూలికి వెళ్ళే తల్లికి కాదు.

మరి ఆ మిగిలిన వేళల సంగతి చట్టాలు ఏమన్నాయి? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలు ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల కోసం గది ఉండాలన్నది. అది ఆరేళ్ళ లోపు పిల్లలకే. 1975లో మొదలైన అంగన్‌వాడీలూ ఆరేళ్ళ లోపు వారికే. ఇప్పటి ‘పాల్నా’ పథకం కింద నడిచే శిశుసంరక్షణ కేంద్రాలు ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు చూస్తాయి. బిడ్డకు ఆరేళ్ళు నిండగానే సంరక్షణ అనే మాట చట్టం నుంచి జారిపోతుంది. ఆ తర్వాత చదువు ఒక్కటే మిగులుతుంది. ఏడేళ్ళ పిల్లకు అక్షరాలు వచ్చినంత మాత్రాన, ఒంటరిగా స్టవ్ వెలిగించే తెలివి వచ్చినట్లేనా?

‘బడి వేళల తర్వాత’ అన్న మాట మన చట్టాల్లో కనిపించే ఒక చోటు ఉంది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, 14 ఏళ్ళ లోపు పిల్లల చేత పని చేయించరాదని నిషేధించారు. అయితే బడి వేళల తర్వాతా, సెలవుల్లోనూ, ప్రమాదకరం కాని కుటుంబ పనుల్లో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చారు. సాయంత్రం వేళ చట్టానికి గుర్తుకు వచ్చింది పిల్లల పని విషయంలోనే. వారి రక్షణ విషయంలో రాలేదు.

నేను అడగని ప్రశ్న

మా అబ్బాయి రెండో తరగతి చదివేటప్పుడు, మా కాలనీలో ఒకావిడ ఇంట్లో నడిపే కేంద్రంలో సాయంత్రం వదిలేవాళ్ళం. పాలు ఇస్తారు, హోంవర్కు చేయిస్తారు, నెలకు ఇంత అని ఫీజు. ఆవిడ మంచి మనిషి. అంతకు మించి నేనేమీ అడగలేదు. ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా బయలుదేరి వెళ్ళాను. గ్రిల్లు తలుపుకు బయట తాళం వేసి ఉంది. లోపల ఒకే గదిలో పాతికమంది దాకా పిల్లలు. వాళ్ళలో పెద్దపిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో, మిగిలిన వాళ్ళను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తోంది. ఆవిడ కూరగాయలకు వెళ్ళిందట. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. పది నిమిషాల్లో వచ్చింది. ఏమీ జరగలేదు.

ఏమీ జరగకపోవడం మా అదృష్టం. ఆ పది నిమిషాలు గ్రిల్లు పట్టుకుని నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. విద్యాశాస్త్రం చదివాను, పిల్లల గురించి పాఠాలు రాస్తాను. అయినా తలుపులెన్ని, పిల్లలెంతమంది, పెద్దలెవరు అన్న మూడు ముక్కలు అడగలేదు. అడిగినా, ‘ఇలా ఉండాలి’ అని చెప్పే నియమం ఒకటి ఉంటే కదా వాదించడానికి!

అదృష్టం అందరికీ ఉండదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో మంటలు లేచి 94 మంది చిన్నారులు చనిపోయారు. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు బడులన్నిటిలో అగ్నిప్రమాద రక్షణ ఏర్పాట్లు తప్పనిసరి అని ఆదేశించింది. బడుల సంగతి అలా కొంత తేలింది. 2019 మే 24న గుజరాత్‌లోని సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పై అంతస్తులో నడిచే శిక్షణ కేంద్రానికి మంటలు అంటుకున్నాయి. ప్రాణాలు దక్కించుకోవడానికి పిల్లలు పైనుంచి కిందికి దూకారు. 22 మంది చనిపోయారు. ఉదయం బడిలో పిల్లలకు అవసరమైన రక్షణ, సాయంత్రం మరో గదిలోకి మారగానే అవసరం లేకుండా పోతుందా?

నియంత్రణ అంటే భయం ఎందుకు?

నియమాలు పెట్టాలి అనగానే వచ్చే అభ్యంతరాలు తేలికగా తీసివేయదగినవి కావు.

మొదటిది: పక్కింటి పిన్నిగారికి లైసెన్సు అంటే ఆవిడ భయపడి మానేస్తుంది. అప్పుడు పిల్లలు వీధిలో పడతారు. రెండవది: తనిఖీ అంటే మామూళ్ళు. నిజాయితీగా నడిపేవాళ్ళు నలిగిపోతారు, చేయి తడిపేవాళ్ళు బాగుపడతారు. మూడవది: ఖర్చు పెరిగితే ఫీజు పెరుగుతుంది, పేదవాళ్ళకు అందదు.

ఈ మూడూ నిజమే. జపాన్ అనుభవం చూడండి. అక్కడ ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులు బడి తర్వాత పిల్లల్ని చూసే కేంద్రాలను ఎన్నో ఏళ్ళు తామే కలిసి నడుపుకున్నారు. 1997లో గాని వాటికి చట్టంలో చోటు దొరకలేదు. 2015లో జాతీయ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఒక బృందంలో సుమారు 40 మంది పిల్లలు, కనీసం ఇద్దరు సిబ్బంది, ఒక్కొక్కరికి 1.65 చదరపు మీటర్ల చోటు అని నిర్ణయించారు. కాని చాలాచోట్ల సిబ్బంది దొరకలేదు. చివరికి 2020లో సిబ్బందికి సంబంధించిన నియమాన్ని తప్పనిసరి అనకుండా సడలించారు. మనుషులను, డబ్బును సమకూర్చకుండా నియమం ఒక్కటే నిలబడదని దీనివల్ల తెలుస్తోంది.

అందువల్ల నేను కోరేది అందరికీ ఒకే కొలత కాదు. చిన్నవాటికి తేలిక నియమాలు, పెద్దవాటికి గట్టి నియమాలు ఉండాలి.

ఎలా ఉంటే బాగుంటుంది?

1. నమోదు: సొంత పిల్లలు కాక ఐదుగురికి మించి పిల్లల్ని ఫీజు తీసుకుని చూసే ప్రతి చోటూ పంచాయతీలో గాని, పురపాలక సంఘంలో గాని పేరు రాయించుకోవాలి. ఒక పేజీ దరఖాస్తు చాలు. రుసుము ఉండకూడదు. ఇది అనుమతి కోసం కాదు. ఎక్కడ ఎంతమంది పిల్లలున్నారో ఊరికి తెలియడం కోసం.

2. అందరికీ వర్తించే నాలుగు నియమాలు: పిల్లలు లోపల ఉండగా బయట తాళం వేయకూడదు. ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఉండాలి. మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. ఎవరు వచ్చారు, ఎవరు తీసుకువెళ్ళారు అన్నది పుస్తకంలో రాయాలి. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది. అదే నిషేధం ఇక్కడా ఉండాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. పిన్నిగారు భయపడవలసిందీ లేదు.

3. పెద్ద కేంద్రాలకు అదనపు నియమాలు: ముప్ఫైమందికి మించితే రెండు దారులు, అగ్నిమాపక శాఖ అనుమతి, పిల్లల సంఖ్యకు తగిన సిబ్బంది, ఆ సిబ్బంది గురించి పోలీసు విచారణ ఉండాలి. ఇది వ్యాపారం. వ్యాపారానికి తగిన బాధ్యతా ఉండాలి.

4. తనిఖీ తల్లిదండ్రులది: ప్రభుత్వ బడులకు యాజమాన్య కమిటీలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగంమంది స్త్రీలు. ఏడాదికి రెండుసార్లు ఈ కమిటీ సభ్యులు వెళ్ళి చూసి, చూసింది పంచాయతీ గోడమీద అంటించాలి. అధికారి ఒక్కడే తలుపు వెనుక చూసే తనిఖీ కంటే పదిమంది కళ్ళ ముందు జరిగే తనిఖీ మేలు.

5. ప్రభుత్వ వాటా: సాయంత్రం ఖాళీగా ఉండే బడి గదులను తెరవాలి. ఇది టీచర్ల నెత్తిన పడే మరో పని కాకూడదు. దీనికి వేరుగా మనిషిని పెట్టి, జీతం ఇవ్వాలి. బడి తర్వాత ఆటపాటల కోసం 1956లోనే ఢిల్లీలో జాతీయ బాలభవన్ ఏర్పడింది. హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. నగరంలో కొందరికి అందిన ఆ సాయంత్రం వాడవాడకూ అందాలి. ఫీజు కట్టలేని తల్లికి ఉచితంగా ఒక చోటు చూపకుండా, ఆమె వెతుక్కున్న చోటును మూయించడం న్యాయం కాదు.

చివరి మాట

నియంత్రణ అంటే అనుమానించడం కాదు. మన పిల్లల్ని చూసే మనిషి చేసేది కూడా ఒక వృత్తి అని గౌరవించడం. నియమం ఉంటే తల్లికి అడిగే హక్కు వస్తుంది. నడిపే ఆవిడకు ‘నేను సరిగా చేస్తున్నాను’ అని చెప్పుకునే ఆధారం వస్తుంది. పిల్లవాడికి, తాళం వేయని తలుపు ఉంటుంది. చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు. రేపు సాయంత్రం పిల్లల్ని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు, నేను అడగని ఆ మూడు ప్రశ్నలు మీరు అడగండి.

ఆలోచించి రాయండి

1. మీ వాడలో బడి తర్వాత పిల్లలు ఎక్కడెక్కడ ఉంటున్నారు? ఒక వారం గమనించి, పది వాక్యాల్లో రాయండి.
2. చిన్న కేంద్రాలకూ పెద్ద కేంద్రాలకూ వేరువేరు నియమాలు ఉండాలన్న రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
3. మీ పంచాయతీకి గాని, పురపాలక సంఘానికి గాని, సాయంత్రం బడి గది తెరవాలని కోరుతూ ఒక విన్నపం రాయండి.