ఫక్ర్ ఎక్కి కాలేజీకి పోలేం

మన దావత్‌లలో సిటీ బస్సుల మాట వస్తే చాలు, ఎవరో ఒక బుజుర్గ్ గొంతు సవరించుకుంటారు. "యే బసాఁ కౌన్ లాయే మాలూమ్? నిజాం సర్కార్!" దస్తర్‌ఖాన్ చుట్టూ అందరం తల ఊపుతాం.

మాట సచ్చీదే. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ములాజిమ్‌లు. బ్రిటన్ నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులు. నంబర్ ప్లేట్ మీది 'జెడ్' ఏడో నిజాం అమ్మీజాన్ జహ్రా బేగం యాద్‌గార్ అని చెప్పుకుంటారు. ఈ తారీఖ్ మీద నాకూ ఫక్ర్ ఉంది. కానీ ఫక్ర్ ఎక్కి బార్కాస్ నుంచి సికింద్రాబాద్ పోలేం. దానికి బస్సు కావాలి.

బార్కాస్‌నే తీసుకోండి. నిజాం ఫౌజ్‌లోని అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటు. ఆ బ్యారక్స్ అన్న మాటే జనం నోళ్లలో నలిగి బార్కాస్ అయింది. ఒకప్పుడు షహర్ బయట, జామతోటల మధ్య ఉన్న బస్తీ. ఇప్పుడు షహర్ దాన్ని దాటుకుని పహాడీ షరీఫ్ వైపు పోయింది. సికింద్రాబాద్-బార్కాస్ 2సి నంబరు పాతబస్తీలో ఎవరికీ కొత్త కాదు. మరి సిటీ బస్సు మాలిక్ ఎన్నిసార్లు మారాడో లెక్కపెట్టండి. నిజాం రైల్వే నుంచి 1951 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. రాష్ట్రం విడిపోయాక టీఎస్ఆర్టీసీ. 2024 నుంచి టీజీఎస్ఆర్టీసీ. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సుల్లో ఇంకో తరీఖా వచ్చింది: బండి ప్రైవేట్ కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కిరాయి కడుతుంది.

పేరు మారిన ప్రతిసారీ మనం మాట్లాడింది పేరు గురించే. ఎన్ని బస్సులు, ఎన్ని నిమిషాలకొకటి, రాత్రి ఆఖరి బస్సు ఎప్పుడు అని అడిగినవాళ్లు ఎంతమంది? 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. అది ముగిశాక, నష్టాల పేరు చెప్పి సిటీలో వందల బస్సులు తగ్గించారు. మన జల్సాల్లో దాని మీద ఒక్క తఖ్రీర్ నేను వినలేదు. ఫలక్‌నుమా దాకా రావాల్సిన మెట్రో 2020లో మూసీ దగ్గర ఎంజీబీఎస్‌లో ఆగిపోయింది. పాతబస్తీ లైనుకు మళ్లీ పునాదిరాయి పడింది 2024 మార్చిలో. మెట్రో లేని చోట బస్సులు ఎక్కువ నడపాలి కదా అని గట్టిగా అడిగే హక్ మనకుంది. అడగలేదు.

ఇది జెంట్స్ ముచ్చట కాదు, మన ఆడపిల్లల ముచ్చట. బిడ్డను డిగ్రీకి పంపాలా వద్దా అనే ఫైసలా చాలా ఇళ్లల్లో మార్కుల మెమో చూసి జరగదు. సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరుతుందో చూసి జరుగుతుంది. బస్సు టైముకు వస్తే బిడ్డ చదువుతుంది. రాకపోతే షేర్ ఆటోలో ఇరుక్కుని రావాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే అబ్బా మొహం మారుతుంది, ఐదో రోజు రిష్తా మాట మొదలవుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఫ్రీ ప్రయాణం ఉంది. మంచిదే. కానీ జీరో టికెట్ ఇవ్వడానికైనా ముందు బస్సు స్టాపులో ఆగాలి. "ఫ్రీగా పోతున్నారు కదా, ఇంకేం అడుగుతారు" అనేవాళ్లకు ఒకటే జవాబ్: అది ఖైరాత్ కాదు, పన్నులు కట్టే అవామ్ పైసా.

"మన పిల్లలే ఆటోలు నడుపుతున్నారు, బస్సులు పెంచితే వాళ్ల రోజీ పోదా?" అనే సవాల్ ఉంది. దాన్ని కొట్టిపారేయను. ఫ్రీ బస్సు వచ్చాక గిరాకీ పడిపోయిందని ఆటోవాళ్లు రోడ్డెక్కారు, వాళ్ల బాధ నిజం. అయితే భాయ్ ఆటో నడవాలని బెహన్ చదువు ఆపే హిసాబ్ ఏ ఇంటికీ లాభం కాదు. గల్లీ నుంచి మెయిన్ రోడ్డు దాకా ఆటో, అక్కడి నుంచి షహర్‌కి బస్సు. రెండిటికీ పని ఉంటుంది. ఫైనాన్స్ కిస్తీల కింద నలుగుతున్న ఆటోవాలాకు సర్కార్ మదద్ చేయాలి. దానికోసం కూడా మనమే అడగాలి.

అందుకే బుజుర్గ్‌లకు సలాం చేసి చెబుతున్నా. నిజాం సర్కార్ కథ పిల్లలకు తప్పకుండా చెప్పండి. చెప్పాక ఒక కాగితం తీయండి. మీ స్టాపులో పొద్దున ఏడు నుంచి పది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఏ నంబరు బస్సు ఎన్నింటికి వచ్చిందో వారం రోజులు రాయించండి. మీ ఇంటి బిడ్డే రాస్తుంది, రోజూ అక్కడ నిలబడేది తనే. జుమా తర్వాత ఆ కాగితం మీద మొహల్లా వాళ్లతో దస్తఖత్ చేయించి డిపో మేనేజర్‌కి, కార్పొరేటర్‌కి, ఎమ్మెల్యేకి ఇవ్వండి. రసీదు తీసుకోండి. ఓట్లకు మన గల్లీకి వచ్చినవాళ్లకు ముందు ఆ రసీదే చూపించండి.