రెండు మానిటర్లకు ఎంత కార్డు కావాలి?

కాపెల్‌లో మా వీధి చివర ఉండే మిత్రుడొకాయన ఓ శనివారం పొద్దున్నే ఫోన్ చేసి, "ఏమండీ, ఆరొందల డాలర్లు పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొనమంటున్నారు. కొనెయ్యమంటారా?" అని అడిగారు. ఆయన కంప్యూటర్లో ఆటలు ఆడరు, వీడియోలు ఎడిట్ చెయ్యరు. పగలంతా జావా రాసుకుంటారు, రాత్రి ఇండియా టీముతో మాట్లాడతారు. బల్లమీద రెండు 27 అంగుళాల 4కే మానిటర్లున్నాయి, థాంక్స్‌గివింగ్ సేల్‌లో చవగ్గా దొరికాయని కొన్నవి. ఒకటి బాగానే ఉంది. రెండోదాంట్లో మౌసు కదిపితే బాణం గుర్తు ఈడ్చుకుంటూ వస్తుంది, కోడు పైకీ కిందికీ జరుపుతుంటే అక్షరాలు కుదుపులు కుదుపులుగా పరుగెడతాయి. మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి. దుకాణంలో అడిగితే, "మీ పెట్టెలో కార్డు లేదు కదా, అందుకే" అన్నారట.

కార్డు లేనిమాట నిజమే. కానీ ఆరొందల డాలర్ల జబ్బు కాదది.

వెళ్ళి చూశాను. 2020లో వచ్చిన ఇంటెల్ పదోతరం ప్రాసెసరు, అందులోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్. వెనక ఒక డిస్‌ప్లేపోర్టు, ఒక హెచ్‌డీఎంఐ. ఆ హెచ్‌డీఎంఐ 1.4 రకానిది. అది 4కే బొమ్మను సెకనుకు 30సార్లు మాత్రమే పంపగలదు. 60సార్లు పంపాలంటే 2013లో వచ్చిన 2.0 రకమో, ఆ తర్వాతదో కావాలి. పక్కనున్న డిస్‌ప్లేపోర్టు 60 పంపుతోంది, ఇది 30 పంపుతోంది, అంతే తేడా. చెరువు నిండుగా ఉన్నా తూము సన్నదైతే పొలానికి ఎన్ని నీళ్ళొస్తాయి? ఈయనకి కావలసింది తూము. దుకాణంవాళ్ళు ఇంకో చెరువు అమ్మబోయారు!

కోడు రాయడానికి గ్రాఫిక్స్ కార్డు మీద ఎంత బరువు పడుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. 4కే అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం 83 లక్షల చుక్కలు. చుక్కకి నాలుగు బైట్లు చొప్పున ఒక తెరకు 33 మెగాబైట్లు, రెండు తెరలకు 66. ప్రతి విండోకీ ఇంకాస్త పక్కన పెట్టుకున్నా కొన్ని వందల మెగాబైట్లతో సరి. అదీగాక మీరు ఒక అక్షరం కొడితే తెరమీద మారేది గోరంత. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 అనే కార్డులో 32 గిగాబైట్ల మెమరీ ఉంది. విడుదలనాటి ధర 1,999 డాలర్లు, తాగే కరెంటు 575 వాట్లు. జావా ఫైలు ఒక పక్క, లాగు ఇంకో పక్క పెట్టుకోవడానికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

రెండు తెరలనగానే కార్డు గుర్తుకు రావడం వెనక ఓ చరిత్ర ఉందిలెండి. ఒకప్పుడు అది నిజంగానే కార్డు సమస్య. విండోస్ 98 రోజుల్లో రెండో మానిటరు కావాలంటే రెండో కార్డు దూర్చేవాళ్ళం. ఆ రెండు కార్డుల డ్రైవర్లకూ ఒకదానితో ఒకదానికి పడేది కాదు. 1999లో మేట్రాక్స్ కంపెనీ జి400 కార్డును డ్యూయల్‌హెడ్ అని ఒకే పలక మీద రెండు మానిటర్లు తగిలించుకునేలా తెస్తే ప్రోగ్రామర్లు పండగ చేసుకున్నారు. ఆ కార్డుల కోసం మనం తిరిగిన కాంప్‌యూఎస్ఏలూ లేవు, ప్లేనోలో ఫ్రైస్ కూడా 2021లో మూతపడింది. సలహా మాత్రం అలాగే నిలిచిపోయింది. 2012 నుంచీ ఇంటెల్ ప్రాసెసర్లలో ఇమిడి ఉన్న గ్రాఫిక్సే మూడు తెరలు నడపగలదు. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరస నుంచి ఏఎండీవాళ్ళు కూడా దాదాపు అన్నిట్లోనూ గ్రాఫిక్స్ పెడుతున్నారు. ఒక్క జాగ్రత్త: ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ లేనట్టే. అప్పుడు ఏదో ఒక కార్డు తప్పదు.

అందుకని నా మాటగా చెప్పేదేమిటంటే, డబ్బు ముందు మానిటరు మీద పెట్టండి. 24 అంగుళాల మామూలు 1080 తెరలో అంగుళానికి 92 చుక్కలు. 27 అంగుళాల 4కేలో 163. ఇంగ్లీషు అక్షరాలకు ఈ తేడా ఓ మోస్తరు, తెలుగుకైతే ప్రాణం. 'లక్ష్మి'లో ఒత్తులు రెండూ పాత తెరమీద చిన్న సైజులో ఎలా నలిగిపోయేవో గౌతమి ఫాంటుతో తంటాలుపడ్డ వాళ్ళనడగండి. రోజుకి పదిగంటలు చూసేది తెరను, కార్డును కాదు. మానిటరు తర్వాత రంధ్రాలు చూసుకోవాలి: ఏవి ఉన్నాయి, ఏ రకానివి, రెండూ 60 ఇస్తాయా అని. కార్డు సంగతి ఆ తర్వాతే.

మా మిత్రుడికి చివరికి కార్డే కావలసివచ్చింది, ఆయన బోర్డు మీద రెండో మంచి రంధ్రం లేదు గనక. కానీ చిన్నది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 అని 2022లో వచ్చింది, అప్పుడు 159 డాలర్లు. తాగేది 53 వాట్లు, పవర్ సప్లయి నుంచి విడిగా తీగ అక్కర్లేదు. ఒక హెచ్‌డీఎంఐ 2.1, ఒక డిస్‌ప్లేపోర్టు 1.4. ఇలాంటి పనికి కార్డు ఎంచుకునేటప్పుడు నేను చూసేది అంతే: 75 వాట్ల లోపు ఉందా, రెండు సరైన రంధ్రాలున్నాయా, ఫ్యాను రొద పెట్టదా. లినక్సు వాడేవాళ్ళకి ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు కెర్నెల్‌తోనే వస్తాయి గనక గొడవ తక్కువ. కార్డు పెట్టాక తీగలు రెండూ కార్డుకే తగిలించండి. కొత్త కార్డు కొని, తీగ మాత్రం పాత చోటే ఉంచి "ఏమీ తేడా లేదే" అనుకున్నవాళ్ళని నేను ముగ్గురిని చూశాను.

ఇక వేడి. ఆగస్టులో వంద డిగ్రీలు దాటే మన ఊళ్ళో, ఎండ పడే గదిలో పెద్ద కార్డు పెట్టుకుంటే ఏసీ దానితో కుస్తీ పట్టాలి. రెండు మానిటర్ల వేగాలు వేరువేరుగా ఉంటే, ఒకటి 60 ఇంకొకటి 144 అనుకోండి, కొన్ని కార్డుల మెమరీ ఏ పనీ లేకపోయినా పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ఊరికే కూర్చున్నా కరెంటు ఖర్చే.

ఆఫీసు ల్యాప్‌టాప్ మీదే పని చేసేవాళ్ళకి అసలీ ప్రశ్నే లేదు, వాళ్ళు చూసుకోవలసింది డాకు. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఆపిల్ లెక్కలో బయటి తెర ఒక్కటే. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు ఇస్తుంది, 2025 నాటి ఎం4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా ఇస్తుంది. ఒకే తీగలోంచి రెండు తెరలు విడదీసే డాకులు విండోస్‌లో బాగా పనిచేస్తాయి, మ్యాక్‌కు తగిలిస్తే రెండు తెరలమీదా ఒకే బొమ్మ! డిస్‌ప్లేలింక్ డాకులు ఆ చిక్కు దాటిస్తాయిగానీ, బొమ్మను కుదించే పని ప్రాసెసరు నెత్తిన వేస్తాయి.

పెద్ద కార్డు ఎవరికీ అక్కర్లేదని మాత్రం అనను. ఇంట్లోనే ఏఐ మోడళ్ళు నడపాలనుకునేవాళ్ళకి కార్డు మెమరీయే ముఖ్యం, ఎన్విడియా కూడా ప్యాకేజీలు చాలావరకు దానికోసమే రాస్తారు. అలాంటివాళ్ళు 16 గిగాబైట్లకు తక్కువ కొంటే తర్వాత బాధపడతారు. కానీ అది వేరే పని, వేరే ఖర్చు. ఇంట్లో ఆవిడకి కూడా ఆ పేరుతోనే చెప్పి కొనండి.

మా మిత్రుడికి కార్డు బిగించిన రోజు మధ్యాహ్నం వాళ్ళబ్బాయి, హైస్కూల్లో చదువుతున్నాడు, మెట్లమీద కూర్చుని మొహం ముడుచుకుని చూస్తున్నాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆరొందల కార్డు పేరు దుకాణంలో ముందు ఎత్తింది వాడేనట. నాన్న రెండు మానిటర్లు వాడికి దొరికిన వంక. నావల్ల వాడి ఆటల కార్డు పోయింది. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా నాకు కాఫీ దొరుకుతోందిగానీ, వాడు మాత్రం ఇంకా పలకరించడం లేదు.