నవ్వు తీరిక వేళల సొత్తు కాదు

కష్టాలు గట్టెక్కాక నవ్వుకోవచ్చునని పెద్దలూ, పరీక్షలు ముగిశాక నవ్వుకోవచ్చునని విద్యార్థులూ భావిస్తుంటారు. నవ్వును ఇట్లు వాయిదా వేయడం సరికాదని నా అభిప్రాయం. రోహిణీకార్తె ఎండకు మాడిన బెజవాడకు సాయంకాలం ప్రకాశం బ్యారేజీ మీది గాలి ఉచితంగానే లభిస్తుంది. దానికి రశీదు కూడా అక్కరలేదు.

తెనాలి చేరువన సంగం జాగర్లమూడిలో 1898లో జన్మించిన మునిమాణిక్యం నరసింహారావు బడిపంతులు. సామాన్యుని సంసారమే ఆయన కాంతం కథలకు ముడిసరుకు. వాటిలో కాంతం మాటలకు తరచు ఓడిపోయేది కథ చెప్పే భర్తగారే! ఉర్దూలో గాలిబ్‌ను చూడండి. 1857 తిరుగుబాటు అనంతరం ఢిల్లీ శిథిలమై, పింఛను నిలిచిపోయి, అప్పులు చుట్టుముట్టినా ఆయన లేఖలలో చమత్కారం ఇంకిపోలేదు. ఆయన పరిహసించినది ముందుగా తన అవస్థనే.

తోటివాని పేదరికాన్నో, ఉర్దూ ఇంటి పిల్లవాని తెలుగు యాసనో, తెలుగు పిల్లవాని ఉర్దూ ఉచ్చారణనో ఎగతాళి చేయడం హాస్యం కాదు. తన తప్పుకు తానే నవ్వుకోగలవాడు మరునాడు మళ్ళీ ప్రయత్నిస్తాడు. ఆశావాదమంటే అదే.

కళాశాల సంఘానికి ఒక విన్నపం: ఏటా ఈ సంచికలో ఉర్దూకు రెండు, తెలుగుకు రెండు పుటలు హాస్యానికి కేటాయించండి. నియమం ఒక్కటే: ప్రతి రచయితా తన మీద తానే ఛలోక్తి విసురుకోవాలి. అధ్యాపకులకు మినహాయింపు లేదు.